మిషన్‌కి మంచినీళ్ళు

రాళ్ళు కొండల్లో పుడతాయని చదువుకున్నవాళ్ళు చెబుతారు. తప్పు. మా బిల్డింగు కుళాయిలో పుడతాయి. రాత్రి బిందె నింపి పెడితే, తెల్లారేసరికి బిందె లోపల తెల్లగా ఇంకో బిందె తయారవుతుంది. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. దానికీ పౌరుషం ఉంటుంది మరి.

మా ఆవిడకి ఆ నీళ్ళు పడవు. పోసుకుంటే చాలు, ఒళ్ళంతా మంట, పొక్కులు. "ముందు నీళ్ళు మార్చండి, తర్వాత మందు" అన్నాడు డాక్టరు.

సరేనని నీళ్ళ కమిటీ దగ్గరికి పోయాను. (మా బిల్డింగులో నీళ్ళు లేని రోజుంటుంది గానీ కమిటీ లేని రోజుండదు.) దాని ప్రెసిడెంటుని రూల్సుబాబు అంటాం, ఆయన లేనప్పుడు.

"పెద్దాయనా, మీ బాధ కమిటీ గుర్తించింది" అన్నాడు.

గుర్తించాక ఎండాకాలం పోయింది. వానాకాలమూ పోయింది. అప్పుడు మిషన్ వచ్చింది. నీళ్ళలో సున్నం తీసేస్తుందట. దాంట్లో ఉప్పు పొయ్యాలన్నాడు తెచ్చినతను.

"ఉప్పునీళ్ళు బాగుచెయ్యడానికి ఉప్పా! పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టుంది" అంది మా ఆవిడ.

"అమ్మా, సైన్సుని వెటకారం చెయ్యకూడదు" అన్నాడు రూల్సుబాబు.

రిబ్బను కత్తిరించబోతూ ఆయనే మిషన్ వెనక రాసింది చదివాడు. సున్నం ఎక్కువున్న నీళ్ళు పోస్తే వారంటీ చెల్లదట.

"మరి ఇదెందుకయ్యా?" అన్నాను.

"మంచినీళ్ళని ఇంకా మంచిగా చెయ్యడానికి తాతగారూ" అన్నాడు తెచ్చినతను, కన్నార్పకుండా.

కమిటీ కూచుని తీర్మానించింది. మిషన్ పాడవకూడదు. బయటినించి ట్యాంకరుతో మంచినీళ్ళు తెప్పించి దానికి పొయ్యాలి. అవి లోపల తిరిగి, వెనక గొట్టంలోంచి మురిక్కాలవలోకి పోవాలి. (మన పైపులకి కలపొచ్చు కదా అంటారేమో. మన పైపుల్లో సున్నం ఉంది. నీళ్ళు చెడిపోవూ?)

ట్యాంకరు వచ్చిన రోజు మా ఆవిడ గోడ పట్టుకుని మెట్లు దిగింది. చేతిలో బకెట్టు.

"ఒక్క బకెట్టు పట్టుకోనీ నాయనా. ఇవాళైనా ఒళ్ళు మండకుండా స్నానం చేస్తాను."

రూల్సుబాబు నొచ్చుకున్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు, పాపం.

"ఏం చెయ్యనమ్మా, మిషన్‌కి వారంటీ ఉంది. మీ ఒంటికి లేదు కదా."

మా ఆవిడ బకెట్టు బోర్లించి, దాని మీద కూచుని, మిషన్ స్నానం అయ్యేదాకా చూసింది.