మా ఆవిడ వ్యాసం, నా నోటీసు

మా ఆవిడ పత్రికలో పనిచేస్తుంది. ఆర్నెల్లు వేరే ఊరి ఆఫీసులో ఉండమన్నారు. వెళ్లి మూడు నెలలైంది. గడియారాలు బాగుచేసేవాణ్ణి కాబట్టి ఎన్ని గంటలైందో కూడా చెప్పగలను, కానీ మీరు నవ్వుతారు.

ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది. తిన్నారా, మాత్ర వేసుకున్నారా, మొక్కలకి నీళ్లు పోశారా అని మూడు ప్రశ్నలు. మూడింటికీ అవునంటే పెట్టేస్తుంది. ఒకసారి లేదన్నాను. ఇంకో రెండు నిమిషాలు దొరికాయి, తిట్లతో సహా.

ప్రతి బుధవారం పత్రిక వెబ్‌సైటులో ఆమె రాసే ఇంటి కబుర్లు చందాదారులకే కనిపిస్తాయి. నేను చందా కట్టాను. అందులో నా ప్రస్తావన ఉంటుందేమోనని వెతుకుతాను. మొన్న ఒంటరిగా వండుకోవడం గురించి రాసింది. ఉప్పు ఉంది, గిన్నెలున్నాయి, నేను లేను.

అప్పుడు నాకో ఉపాయం తట్టింది. పదిమందీ మెచ్చుకుంటే, ఆ సంబరం చెప్పడానికైనా వారం మధ్యలో ఫోన్ చేస్తుంది కదా! ఒంటి వేలితో వ్యాసమంతా టైపు చేసి బంధువుల గ్రూపులో పెట్టాను. కింద నా భార్యే రాసిందని గొప్పగా చేర్చాను. మా బావమరిది దాన్ని వాళ్ల ఆఫీసు గ్రూపులోకి తోశాడు. మా పిన్ని ఎవరెవరికి పంపిందో ఆమెకే తెలీదు. తెల్లారేసరికి అది ఊళ్లన్నీ తిరిగి పత్రికవాళ్ల దగ్గరికే చేరింది.

గురువారం ఫోన్ మోగింది. ఉపాయం పారిందనుకున్నాను.

"ఏమండీ, మీకు బుద్ధుందా?"

"బాగా రాశావని అందరూ..."

"అది పత్రిక సొత్తు. మొత్తం ఎత్తి పంచితే కాపీరైటు ఉల్లంఘన. లింకు పెట్టచ్చు, రెండు ముక్కలు చెప్పచ్చు. రాసిన నాకే మొత్తం పంచే హక్కు లేదు, మీరెవరు?"

"రాసినావిడ మొగుణ్ణి."

"చట్టంలో మొగుళ్లకి మినహాయింపు లేదు."

వెంటనే తీసేస్తానన్నాను.

"పిన్నిగారికీ చెప్పండి. ఇంకో మాట. శనివారం సెలవు పెట్టి ఇంటికొద్దామనుకున్నాను. ఇప్పుడు ఆ రోజే ఆఫీసులో అందరికీ కాపీరైటు గురించి పాఠం చెప్పమన్నారు. అంతా మీ పుణ్యమే."

గొంతు వినడానికి వేసిన ఎత్తు, వచ్చే మనిషినే ఆపేసింది.

"ఉన్నారా?"

"ఉన్నా. మరి నేనేం పంచుకోవచ్చు?"

"మీరు సొంతంగా రాసుకున్నది. దానిమీద హక్కంతా మీదే."

ఆ మధ్యాహ్నం కొట్టు మూసుకుని రాశాను. "కొట్లో ఇన్ని గడియారాలున్నాయి. ఒక్కటీ త్వరగా నడవడం లేదు. నువ్వు లేని ఇల్లు నాకు బాగాలేదు." అంతే. ఆమె ఒక్కదానికే పంపాను.

పది నిమిషాల్లో అది బంధువుల గ్రూపులో ప్రత్యక్షమైంది, అక్షరం పోకుండా. పిన్ని ఏడుస్తున్న బొమ్మలు వరసగా ఆరు పెట్టింది. సిగ్గుతో చచ్చిపోయి మా ఆవిడకి ఫోన్ చేశాను.

"అది నా రచన! నన్నడక్కుండా ఎలా పెడతావే?"

"తప్పే. నోటీసివ్వండి."

"ఇస్తాను! చిరునామా చెప్పు."

"పోస్టులో వస్తే తీసుకోను. శనివారం మీరే తెచ్చి నా చేతికివ్వండి" అంది.

మూడు నెలలుగా ఆమె ఎప్పుడొస్తుందా అని వీధివైపు చూస్తూ కూర్చున్నాను. బస్సు అటు కూడా వెళ్తుందన్న సంగతి నా బుర్రకు ఒక్కసారీ తట్టలేదు.