మంటల ముందు కోరం

క్వెయిల్ గల్చ్ సేవా జిల్లాల డైరెక్టర్లారా, వెల్డా క్రంప్ గడ్డి కొట్టాన్ని తగలబెట్టింది పిడుగు కాదు, మీరు! పిడుగు నిప్పు మాత్రమే పెట్టింది. మిగతా పనంతా మీరు నిబంధనల ప్రకారం పూర్తి చేశారు.

అమెరికాలో, తూర్పు ఆరెగన్ కొండల్లో ఉన్న క్వెయిల్ గల్చ్ ఊరు కాదు. ఇళ్ళున్నాయి, చర్చి ఉంది, కాఫీ హోటలుంది. కానీ చట్టం లెక్కలో ఊరు లేదు. మేయరు లేడు, మున్సిపాలిటీ లేదు. పట్నం పన్నులు మాకొద్దని తాతల నాడే తెగేసి చెప్పిన స్వతంత్రులు వీళ్ళు. తర్వాత దాహమేసింది, నీటి జిల్లా పెట్టుకున్నారు. కొంపలంటుకున్నాయి, అగ్నిమాపక జిల్లా పెట్టుకున్నారు. ఆపైన రోడ్డు జిల్లా, దోమల జిల్లా, పోయినవాళ్ళకి శ్మశాన జిల్లా. జిల్లా అంటే కలెక్టరునీ కచేరీనీ ఊహించుకోకండి. ఒక్కో పనికి ఒక్కో జిల్లా. ఒక్కో జిల్లాకి ఎన్నికైన బోర్డు, విడిగా పన్ను, బల్ల మీద కొట్టడానికి ఒక చెక్క సుత్తి. ఒక్క ప్రభుత్వాన్ని భరించలేమన్నవాళ్ళు ఇప్పుడు ఐదింటిని సుఖంగా భరిస్తున్నారు.

బోర్డుకి ఐదుగురు డైరెక్టర్లు కావాలి. ఐదు జిల్లాలకీ కలిపి నిలబడేవాళ్ళు ఐదుగురే. కాబట్టి అన్ని బోర్డుల్లోనూ ఆ ఐదుగురే. అన్నింటికీ అధ్యక్షుడు ఆర్లిస్ టగ్వెల్. ట్రాక్టర్లు బాగుచేసుకునే మనిషి. ప్రజాసేవ ఆయన్ని వదల్లేదు, ఆయనా దాన్ని వదల్లేదు.

వెల్డా ఆయనకి పక్కింటావిడ. ఒంటరి మనిషి. మేకల్ని పెంచి, చీజ్ చేసి అమ్ముకుంటుంది. ఇల్లు, కొట్టం తప్ప ఇంకేం లేవు. ఆమె గేటు పక్కనే ఫైరింజనుకి నీళ్ళు పట్టే ఎర్ర కుళాయి ఉంది. దానికి రంగు ఏటేటా వేస్తారు. నీళ్ళు మాత్రం రావు. మట్టిలో ఉన్న వాల్వు ఎప్పుడో ఎవరో మూసేశారు. కుళాయి అగ్నిమాపక జిల్లాది, పైపులో నీళ్ళు నీటి జిల్లావి, వాల్వు చుట్టూ ఉన్న మట్టి రోడ్డు జిల్లాది. ఆ వాల్వు తెరవమని వేసవికి ముందే వెల్డా అర్జీ పెట్టుకుంది.

అర్జీని ఎంత శ్రద్ధగా విచారించారో చెప్పాలి. అగ్నిమాపక అధ్యక్షుడిగా ఆర్లిస్ ఎంతో జాలిపడి, నీటి జిల్లా అధ్యక్షుడికి సిఫారసు చేశాడు. తర్వాత లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, నీటి జిల్లా కుర్చీలో కూర్చుని దాన్ని తిరస్కరించాడు. రోడ్డు జిల్లా అనుమతి లేదట. రోడ్డు జిల్లా కుర్చీలోకి మారాక, నాకు నేనే ఉపకారం చేసుకున్నట్టవుతుందని ఓటింగు నుంచి తప్పుకున్నాడు. ఇంతటి నిజాయితీపరుడు ఇంకెక్కడైనా ఉంటే చూపించండి.

పౌరులు మాట్లాడటానికి మూడు నిమిషాలిస్తారు. వెల్డా లేచింది.

"ఆర్లిస్, ఆ వాల్వు తిప్పడానికి ఎంతసేపు పడుతుంది?"

"నాకున్న ఏ హోదాలో అడుగుతున్నావ్ నన్ను?"

"పక్కింటోడి హోదాలో, సచ్చినోడా!"

"ఆ హోదా ఇవాళ ఎజెండాలో లేదు వెల్డా."

గంట మోగింది. ఆమె కూర్చుంది.

ఆగస్టులో చినుకు లేని పిడుగు పడి కొట్టం అంటుకుంది. వెల్డా మేకల్ని బయటికి తోలేసరికి ఫైరింజను వచ్చింది. దిగింది ఆర్లిస్, డోయిల్ పెటిట్, నెవా హాచ్. మంటలార్పే వాలంటీర్లు కూడా డైరెక్టర్లే. ఇంకెవరొస్తారు?

డోయిల్ పైపు లాగుతుండగా నెవా కేకేసింది.

"ఆగండి! ముగ్గురం ఉన్నాం. కోరం!"

ఐదుగురిలో ముగ్గురు ఒకచోట చేరి బోర్డు పని మాట్లాడితే అది సమావేశం. ముందుగా నోటీసు అంటించకపోతే నేరం. ఈ సంగతి నెవా డైరెక్టర్ల శిక్షణలో నేర్చుకొచ్చింది. ఆపదలో మినహాయింపు ఉంటుందన్న సంగతి భోజనం తర్వాత చెప్పారు. ఆమె భోజనం చేసి వచ్చేసింది.

డోయిల్ పైపు కింద పడేసి కంచె దూకి అవతల నిలబడ్డాడు. ఆర్లిస్ ఒక్కడే నీళ్ళు కొట్టాడు. సైగలు చేస్తే చర్చ అవుతుందేమోనని నెవా కళ్ళు మూసుకుంది. చూస్తుండగానే ఇంజను ట్యాంకు ఖాళీ అయింది. మంట కొట్టం కప్పు మీంచి ఇంటి వరండా వైపు వంగింది.

"వాల్వు తిప్పండయ్యా!" అని అరిచింది వెల్డా.

"డోయిల్‌ని అడగాలి. అడిగితే సమావేశమైపోతుంది," అన్నాడు ఆర్లిస్.

"నాకేం వినపళ్ళేదు!" కంచె అవతల్నుంచి డోయిల్. "వినపళ్ళేదని రాసుకోండి!"

"రాస్తే సమావేశం మినిట్సు అవుతాయిరా బాబూ!" అంది నెవా, కళ్ళు తెరవకుండానే.

వెల్డా ఇంజనులోంచి వాల్వు తిప్పే పొడుగాటి ఇనప కడ్డీ లాక్కుంది. "నా మూడు నిమిషాలు ఇప్పుడు తీసుకుంటున్నా. ఎవడొచ్చి గంట కొడతాడో కొట్టమనండి." మట్టి పెళ్ళగించి వాల్వు తిప్పింది. ఎర్ర కుళాయి దగ్గి, తుప్పు కక్కి, నీళ్ళు పోసింది. ఇల్లు దక్కింది. కొట్టం, చలికాలానికి దాచిన మేత బూడిదయ్యాయి.

తర్వాతి సమావేశానికి నోటీసు చక్కగా అంటించారు. ఆర్లిస్ ఉపన్యసించాడు. "మిత్రులారా! మంటల మధ్య కూడా మనం చట్టాన్ని దాటలేదు. కొట్టం కాలితే మళ్ళీ కట్టుకోవచ్చు. పారదర్శకత కాలిపోతే మళ్ళీ వస్తుందా?" అగ్నిమాపక బోర్డు తనకు తాను ధన్యవాదాలు చెప్పుకుంది. వెల్డా వాకిట్లో నిలిచిన నీటిలో దోమలు పెరుగుతాయని దోమల బోర్డు ఆందోళన చెందింది. తీర్మానం లేకుండా వాల్వు తెరవడం చెల్లదని నీటి బోర్డు తేల్చింది. ఆ సాయంత్రమే వాల్వు మళ్ళీ మూసేశారు. పిడుగుల కాలం ఇంకా పోలేదు.

వెల్డా వెనక్కి తిరిగి చూసింది. ప్రజల కోసం వేసిన కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి.

ప్రజలంతా కాఫీ హోటల్లో దొరికారు. "ఘోరం వెల్డా, దారుణం!" అంటూ యాపిల్ పై ముక్కలు ఫోర్కులతో తింటున్నారు.

"అయితే ఈసారి ఎన్నికల్లో మీలో ఎవరైనా ఆర్లిస్ మీద నిలబడండి," అందామె.

ఒకరికి గడ్డికోతలు. ఒకరికి బౌలింగు పోటీలు. ఒకాయనకి రాజకీయాలంటేనే అసహ్యం. "ఆర్లిస్ ఉన్నాడుగా, వాడికి అలవాటే," అన్నారు అందరూ కలిసి.

అయ్యలారా, అమ్మలారా! ఆర్లిస్‌ని గెలిపించింది ఆర్లిస్ తెలివి కాదు, మీకు తీరిక లేకపోవడం. ఇది క్వెయిల్ గల్చ్ గొడవ కదా అని నవ్వుతూ చదువుతున్న మీరూ చెప్పండి: మీ కుళాయిలోకి నీళ్ళు ఎవరి సంతకంతో వస్తున్నాయో తెలుసా? తెలీదు. అందుకే వాడు హాయిగా ఉన్నాడు.

ఇక చాలు. చేతిలో ఫోర్కులు కింద పెట్టండి. వెల్డా గేటు దగ్గరికి వెళ్ళి ఆ వాల్వు తిప్పండి, ఇప్పుడే. మళ్ళీ మూయడానికి ఒకడు వస్తాడు. వాడి కుర్చీకి మీలో ఒకరు నామినేషన్ వేసేదాకా అక్కణ్ణుంచి కదలొద్దు!