మూడోసారి గెలిచిన గొంతు

మౌనమాత హైస్కూల్లో ఎవరైనా కప్పు గెలిస్తే, ఆ కప్పుతో పాటు దాన్ని గెలిచిన అవయవాన్ని కూడా హెడ్మిస్ట్రెస్ గది బయట అద్దాల బీరువాలో పెడతారు. పరుగు పందెమైతే కాళ్ళు, చేతిరాతైతే మూడు వేళ్ళు, వక్తృత్వమైతే నాలుక. ఇందులో దాపరికమేమీ లేదు. అడ్మిషన్ రోజునే తల్లిదండ్రులకు చెబుతారు, వాళ్ళూ తలలూపుతారు. పిల్లలు పదో తరగతి కాగానే ఎవరి దారిన వాళ్ళు పోతారు, వట్టి కప్పు మిగిలితే చూసేవాళ్ళకు నమ్మకం ఎలా కుదురుతుందని హెడ్మిస్ట్రెస్ సిస్టర్ బెనెడిక్టా అడుగుతుంది. నిజమే మరి, ఇత్తడి కప్పులు బజార్లో కూడా దొరుకుతాయి.

పదో తరగతి జసింత గొంతు రెండేళ్ళుగా ఆ బీరువా రెండో అరలో ఉంది. ఎనిమిదో తరగతిలో, బిషప్ గారి మేత్రాసనం కింద ఉన్న పాఠశాలల పాటల పోటీలో గెలిచిన సాయంత్రమే తీశారు. నొప్పేమీ ఉండదు. ఆవలించమంటారు, అంతే. కాన్వెంట్ వంటింట్లో జామకాయ జామ్ పోసే గాజు సీసా ఒకటి కడిగి ఆరబెట్టి, అందులో ఉంచి మూత బిగించారు. చూడ్డానికి ఏమీ కనిపించదు, సీసా లోపల కాస్త ఆవిరి పట్టినట్టుంటుంది. అరిగిపోతుందని సాధనకు కూడా బయటికి తియ్యరు. ఏడాదికోసారి, పోటీ రోజున మాత్రమే ఇస్తారు.

గొంతు లేకపోయినా బడిలో జసింతకు లోటేమీ జరగలేదు. పొద్దున అసెంబ్లీలో ప్రార్థనకు పెదవులు కదిపితే చాలన్నారు. తెలుగులో మాట్లాడుతూ దొరకని పిల్ల స్కూలు మొత్తానికి ఆమె ఒక్కతే కాబట్టి, రెండేళ్ళూ క్రమశిక్షణ బ్యాడ్జీ ఆమెకే వచ్చింది. అందరూ ఈ పిల్లను చూసి నేర్చుకోండర్రా అని టీచర్లు మిగతావాళ్ళను దెప్పేవాళ్ళు.

ఇంట్లోనే ఇబ్బంది. తల్లి ఇన్నాసమ్మ జాకెట్లు కుడుతుంది. ఆ మిషను చప్పుడు మీద వినపడాలని జసింత చప్పట్లు అలవాటు చేసుకుంది. ఒకటి కొడితే సరే, రెండు కొడితే అమ్మా, మూడు కొడితే ఆకలేస్తోంది. వద్దు అనడానికి మాత్రం ఏమీ పెట్టుకోలేదు. ఏది పెడితే అది తినే పిల్లకు ఆ మాటతో పనేముంది?

"ఇంకొక్క ఏడు ఓర్చుకోవే తల్లీ. పదో తరగతి అయిపోతే నీ గొంతు మనింటికొచ్చిద్ది" అనేది ఇన్నాసమ్మ.

జసింత ఒకటి కొట్టేది. ఆ గొంతుతో ముందుగా అమ్మా అని పిలవాలని, ఆ తర్వాత తమ్ముడు శౌరిని తనివితీరా తిట్టాలని ఆమె ఆశ. అంతకు మించి ఏమీ కోరలేదు.

తల్లి మాట నిజం కాదని చెప్పినవాడు గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్ రాయన్న. అదే స్కూల్లో చదువుకుని, హైజంపులో గెలిచినవాడు. పై అరలో ఉన్న కాళ్ళు ఆయనవే. స్కూలు ఆయన్ని వీధిన పడేయలేదు, కూర్చుని చేసే ఉద్యోగం ఇచ్చింది. ఈ సంగతి ప్రతి వార్షికోత్సవంలోనూ మైకులో చెబుతారు.

"పాటల పోటీది రోలింగ్ షీల్డు పాపా" అన్నాడు రాయన్న. "ఓడితే షీల్డు వేరే స్కూలుకు పోయిద్ది, నీది నీకిచ్చేస్తారు. వరసన మూడేళ్ళు గెలిచావా, షీల్డు మన స్కూలుకే ఖాయం. దాంతోపాటు అదీ ఖాయం."

పోటీకి రానంటేనో అని జసింత చేతులతో అడిగింది.

"రానంటే సీసాలోది సీసాలోనే ఉంటది. ఓడాల్సిందే."

సరే, ఓడాలని నిశ్చయించుకుంది. రెండో చరణంలో పాట పైకి వెళ్ళే చోట శ్రుతి తప్పాలి. మరీ కావాలని చేసినట్టు కనపడకూడదు. పళ్ళు తోముకుంటూ, కాజాలు కుడుతూ, ఆ ఒక్క తప్పునే నోరు మెదుపుతూ సాధన చేసింది. పాపం, గెలవడానికి కూడా అంత కష్టపడలేదు.

పోటీ రోజు బిషప్ గారి హాలు వెనక సిస్టర్ బెనెడిక్టా సీసా మూత తీసింది. జసింత దగ్గు మందు తాగినట్టు గుటకేసింది. వెంటనే అమ్మా అందామని నోరు తెరిచింది.

"గుడ్ మార్నింగ్, సిస్టర్" అంది గొంతు.

"గుడ్ మార్నింగ్, చైల్డ్" అంది సిస్టర్, సంతోషంగా.

వేదిక మీద మొదటి చరణం సాఫీగా పోయింది. రెండో చరణంలో జసింత జారబోయింది, గొంతు జారలేదు. మెడ వంచింది. నాలుక కరుచుకుంది. చివరికి ఊపిరి బిగబట్టింది. గొంతు తనంతట తనే ఊపిరి తీసుకుని, పై స్థాయికి చక్కగా ఎక్కి, అక్కడ రెండు సంగతులు కూడా వేసి దిగింది. జసింతకు కన్నీళ్ళు ధారలు కట్టాయి. న్యాయనిర్ణేతలు కళ్ళద్దాలు తుడుచుకుని, భావానికి అదనంగా మార్కులేశారు.

షీల్డు ఖాయమైంది. సీసా మూతకు ఈసారి లక్క కూడా వేశారు.

"నేనూ మూడోసారి అడ్డకర్ర తన్నేసి పడదామనే ఉరికా పాపా" అన్నాడు రాయన్న, ఆ సాయంత్రం గేటు దగ్గర. "ఇన్నాళ్ళూ ఈడుండి అయ్యి ఈళ్ళయి అయిపోయినయ్. మన మాట ఎందుకింటయ్?" ఆయన గొంతులో కోపమేమీ లేదు. అందుకే జసింతకు భయమేసింది.

వార్షికోత్సవం నాడు ముఖ్య అతిథి లక్క పగలగొట్టి మూత తీశారు. సీసాలోంచే పాట లేచి హాలంతా నిండింది. ముందు వరుసలో ఇన్నాసమ్మ కొత్త చీర చెంగుతో కళ్ళొత్తుకుంటూ, ఆ గొంతు మా పిల్లదేనండీ అని అటు పక్క వాళ్ళకూ ఇటు పక్క వాళ్ళకూ చెప్పింది. ఇంట్లో వినకపోతేనేం, ఇంతమంది వింటున్నారని సరిపెట్టుకుంది. అలా సరిపెట్టుకోకపోతే ఆ తల్లి ఏమైపోవాలి?

పాట అయ్యాక మళ్ళీ లక్క వేశారు. సిస్టర్ బెనెడిక్టా ఆ కుటుంబాన్ని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పింది. తల్లి కొంగు పట్టుకుని నిలబడ్డ శౌరిని చూసి, ఈ బాబు వచ్చే ఏడాది ఆరో తరగతికి మన దగ్గరికే వస్తున్నాడని మైకులో ప్రకటించింది.

"బాబుకి ఏం బాగా వచ్చమ్మా?"

"పరిగెడతాడు సిస్టరమ్మా. ఒక్క చోట నిలబడడు. ఈధంతా ఈడే" అంది ఇన్నాసమ్మ, గర్వంగా.

సిస్టర్ వంగి శౌరి మోకాళ్ళు చూసింది.

జసింత రెండు చప్పట్లు కొట్టింది. తల్లి తిరగలేదు, మైకు వైపే చూస్తోంది. మళ్ళీ రెండు కొట్టింది. వద్దు అనడానికి చప్పట్లు లేవు కాబట్టి, ఆగకుండా కొడుతూనే పోయింది, అరచేతులు కందిపోయేదాకా. కింద కూర్చున్నవాళ్ళకు ఎంతో ముచ్చటేసింది. ఎంత మంచి మనసో ఈ పిల్లది అనుకుంటూ వాళ్ళూ కొట్టారు. హాలు మారుమోగింది.

అక్క కొడుతోంది కదా అని శౌరి కూడా కొట్టాడు, ఎగిరెగిరి.