నిద్ర హార్మోనూ నడినెత్తీ

డ్యూటీకి బయల్దేరేలోగా ఆ పొద్దున దుర్గారావు పెట్టుకున్న పని ఒక్కటే. అద్దానికి ఎదురద్దం పెట్టి, నడినెత్తి మీద నూగు మొలిచిందో లేదో తేల్చుకోవడం.

జాలరిపేటలో పుట్టినా అతను సముద్రం మీదికి పోలేదు. పోర్టు పక్కన ఓ ప్రైవేటు యార్డులో క్రేన్ నడుపుతాడు. తండ్రి పోలికతో వచ్చిన బట్టతల ముప్పయ్యేళ్లకే నడినెత్తి చేరేసరికి, ఆసుపత్రిలో కొత్త మందు పరీక్షకు పేరిచ్చాడు. నిద్ర పట్టించే హార్మోనును తలకు రాస్తే జుట్టు నిలుస్తుందా అన్నది డాక్టర్ అనూరాధ తేల్చాల్సిన సంగతి. సగంమందికి హార్మోను, సగంమందికి ఉత్త ద్రావణం. ఎవరికేది ఇచ్చారో ఆవిడకే తెలియదు. తనది హార్మోనేనన్న విషయంలో దుర్గారావుకు మాత్రం అనుమానమే లేదు. రాయడం మొదలెట్టినప్పట్నుంచీ తలగడ మీద తల ఆనిస్తే చాలు, గురక.

"అమ్మా, మొలిసిందేటి సూడు."

తల్లి పోతమ్మ చేపల గంప దించి చూసింది. "మొలిసిందిరా. మిగతావోళ్లకి కనపడాల, అంతే."

ఆ సంతోషం ఆవిడ కడుపులో దాగలేదు. కొడుకు నిద్దర హార్మోను రాసుకుంటున్నాడని చేపలు కొన్నవాళ్లందరికీ చెప్పింది. వాళ్లలో యార్డులో పనిచేసే జగ్గయ్య ఒకడు. అతను సగం విని, డ్యూటీకి పోయి, దుర్గారావు నిద్రమందు వాడుతున్నాడన్నాడు. క్యాంటీన్‌కి చేరేసరికి అది క్రేన్ మీద కునికిపాట్లయింది. సేఫ్టీ ఆఫీసరు కృష్ణంరాజు చెవిన పడేసరికి, కంటెయినర్ గాల్లో వేలాడుతుండగా గురకపెట్టాడని తేలిపోయింది.

ఆయన బయటికొచ్చి తలెత్తి చూశాడు. లారీ రావడం ఆలస్యమైందని, పైన క్యాబిన్‌లో దుర్గారావు తల వాల్చి ఫోన్ కెమెరాలో నడినెత్తి చూసుకుంటున్నాడు. కింది నుంచి ఆయనకు కనపడింది వాలిన తల ఒక్కటే.

సైరన్ మోగింది. పని ఆగింది. అంబులెన్సు వచ్చింది. ఎవరికో ఏదో అయిందని దుర్గారావు కూడా కంగారుగా కిందికి దిగాడు. దిగీ దిగగానే నలుగురూ పట్టుకుని అతన్నే స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు.

"నిద్రమందు వాడుతున్నావా?" అన్నాడు కృష్ణంరాజు.

"నాను తలకి రాసుకుంటన్నాను సార్."

"అదే, తలకెక్కిందంటున్నా."

ఆయన ఉద్యోగం తీసేస్తానన్నాడు. దుర్గారావు బతిమాలితే, తన ఫోన్‌కి స్పీకర్ పెట్టి డాక్టరుకి కాల్ చేశాడు. ఎవరికేది ఇచ్చారో రాసిన కవరు సీలు విప్పించి ఏ మందో చెప్పగలననీ, అయితే ఇక అతను పరీక్షలో ఉండడానికి వీల్లేదనీ ఆవిడంది. దుర్గారావు క్రేన్ వైపు చూశాడు. చెయ్యి దానంతటదే నడినెత్తి మీదికి పోయింది. "ఇప్పేయండి మేడమ్" అన్నాడు.

ఉత్త ద్రావణమే. హార్మోను చుక్కయినా లేదు.

జనం చెదిరిపోయారు. దుర్గారావు నీరసంగా క్రేన్ నిచ్చెన ఎక్కడం మొదలెట్టాడు. కింద కృష్ణంరాజు అటూ ఇటూ చూసి, హెల్మెట్ తీసి, నున్నటి తల తుడుచుకుంటూ, ఇంకా కట్ చేయని ఫోన్‌లో గొంతు తగ్గించాడు. పరీక్షలో ఇప్పుడొక చోటు ఖాళీ అయింది కదా, తనను చేర్చుకుంటారా అని అడిగాడు. స్పీకర్ ఆపడం మరిచిపోయాడు.

"మీకు నిద్ర సరిగ్గా పడుతుందా సార్?" అంది డాక్టరు.

"డ్యూటీలో అయితే బాగానే పడుతుందండీ."

నిచ్చెన మీద దుర్గారావు పూర్తిగా మేలుకునే ఉన్నాడు.