బాంబు గదిలో ఆవకాయ

విజయవాడ మీద అణుబాంబు పడితే పటమట మొత్తంలో బతికి బట్టకట్టేది తన కుటుంబం ఒక్కటేనని రామకోటేశ్వరరావు అపార్ట్‌మెంట్ మీటింగులో ప్రకటించాడు. ఆ సంగతి అప్పటికింకా ఆయన కుటుంబానికి తెలియదు.

టీవీలో యుద్ధం వార్తలు హోరెత్తుతున్న రోజులవి. అపార్ట్‌మెంట్‌కి ఒక రక్షణాధికారి ఉండాలన్నాడు సెక్రటరీ జయకృష్ణ. ఆ పదవికి ఎర్ర టోపీ, ఈల కూడా ఉన్నాయి. ఇరిగేషన్ ఆఫీసులో ముప్పై ఏళ్లు ఫైళ్లకి తాళ్లు కట్టి రిటైరైన రామకోటేశ్వరరావుకు ఆ టోపీ మీదికి మనసు పోయింది. ఆదివారం పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా మూసిన గదిలో కుటుంబంతో ఉండి చూపిస్తాననీ, అలా ఉంటే టోపీ తమ ఇంటికే ఇవ్వాలనీ పందెం కట్టి వచ్చాడు.

"ఆదివారం కుదరదండీ," అంది భార్య సీతారావమ్మ. "తెల్లవారుజామునే ఉయ్యూరు నుంచి అన్నయ్య కాయలు కోయించి తెస్తున్నాడు. ఆవకాయ పెట్టాలి."

"బాంబు నీ ఆవకాయ చూసుకుని పడుతుందా?"

"మీ బాంబు కోసం కోసిన ముక్క ఆగుతుందా?"

ఆగదు. కోసిన రోజే కలపకపోతే ముక్క మెత్తబడుతుంది. అందుకని ఆవకాయ బాంబు గదిలోనే కలపాలని రాజీ కుదిరింది. పన్నెండు గంటలు గోళ్లు గిల్లుకుంటూ కూర్చునే కన్నా నయమని ఆవిడ అనుకుంది. ఆహార నిల్వల సమస్య తీరిందని ఆయన నోట్ బుక్కులో టిక్కు పెట్టుకున్నాడు.

కిటికీలు లేని సామాన్ల గదికి బాత్‌రూమ్ ఆనుకుని ఉంది కాబట్టి దాన్నే ఎంచుకున్నాడు. సందులన్నిటికీ టేపు అంటించాడు. టేబుల్ ఫ్యానుకు రెండు మడతల నేత గుడ్డ చుట్టి, అది గాలిని వడగట్టే యంత్రమన్నాడు. ఆ గుడ్డను సీతారావమ్మ చాలాసేపు చూసింది.

"ఇది నా మంగళగిరి చీర కదూ?"

"నలుగురి ప్రాణాలు కాపాడుతుంది సీతా."

"మనం ముగ్గురమే. నా ప్రాణం ఇప్పుడే పోయింది. ఇంక ఇద్దరే."

శనివారం సాయంత్రం భార్యనీ కూతురు కీర్తననీ కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. బాంబు కన్నా దాని ధూళి ప్రమాదమట. అది నేలకు దిగేదాకా కదలకుండా ఓపిక పట్టినవాడే బతుకుతాడట. ఏడు రూళ్లు రాసి గోడకు అంటించాడు కూడా.

ఆదివారం ఆరింటికి జయకృష్ణ, మరో ముగ్గురు పెద్దలు సాక్షులుగా హాల్లో కుర్చీలు వేసుకున్నారు. లోపల సీతారావమ్మ పెద్ద బేసిన్‌లో మూడు కిలోల ఆవపిండి, అంతే కారం, ఉప్పు పోసింది. ఏటా చేసే పనే కాబట్టి తల్లీకూతుళ్లు ముక్కులకు తడి తువ్వాళ్లు కట్టుకున్నారు. ఆవపిండికే ఇంత భయమైతే అణుబాంబుకేం తట్టుకుంటారని రామకోటేశ్వరరావు నవ్వాడు. నవ్వి, గదిలో ఉక్కగా ఉందని తన యంత్రాన్ని ఐదో నంబరులో పెట్టాడు.

గది ఎర్రబడింది. తర్వాత పసుపుపచ్చబడింది. తర్వాత ఆయనకేమీ కనబడలేదు.

సీతారావమ్మ తడుముకుంటూ వెళ్లి ఫ్యాను కట్టేసింది. "కదలకుండా రెండు నిమిషాలు ఓపిక పట్టండి. పొడి దానంతటదే దిగిపోతుంది."

పదకొండో తుమ్ముకి టేపు చింపుకుని, తలుపు తోసుకుని, ఆయన హాల్లో సరిగ్గా సాక్షుల కాళ్ల దగ్గర వచ్చి పడ్డాడు.

"అప్పుడే పడిందా అండీ?" అన్నాడు జయకృష్ణ.

వెనక తలుపు మూసుకుంది. కొత్త టేపు అంటిస్తున్న చప్పుడు వినిపించింది. రామకోటేశ్వరరావు కళ్లు తుడుచుకుని తలుపు తట్టాడు.

"సీతా, తలుపు తియ్యి."

"ధూళి తగిలినవాళ్లని రానివ్వకూడదండీ."

"నేను మీ ఆయన్నే."

"నాలుగో రూలు నాన్నా," అంది కీర్తన. "ఇంటి పెద్దయినా సరే అని కింద గీత కూడా గీశావు."

పది గంటలకి ఆయన సిగ్గుతో కుంగిపోయాడు. మధ్యాహ్నం కొత్తావకాయ, లోపలే కరెంటు కుక్కర్లో వండిన వేడన్నం, నూనె కలిసిన వాసన తలుపు కిందనుంచి వస్తే సాక్షులతో పాటు గుటకలు మింగాడు. మూడింటికి లోపల నవ్వులు వినిపిస్తుంటే ఆయనకొక కొత్త ఆలోచన వచ్చింది. ఎంత బతిమాలినా తలుపు తీయలేదంటే ఆ క్రమశిక్షణ నేర్పింది ఎవరు? చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ ఎర్రటి కళ్లతో అదే చెప్పడం మొదలుపెట్టాడు. ఐదింటికి వరండా కూడా నిండిపోయింది.

ఆరింటికి తల్లీకూతుళ్లు నాలుగు జాడీలతో బయటికొచ్చారు. జయకృష్ణ టోపీ తీశాడు. రామకోటేశ్వరరావు పెట్టించుకోవడానికి తల వంచాడు. టోపీ ఆ తల మీదుగా సాగిపోయి సీతారావమ్మ కొప్పు మీద కూర్చుంది.

ఆవిడ ఈల ఊది, మొదటి ఆర్డరు వేసింది. "బాంబు పడిన రోజు ప్రతి ఇంట్లోనూ ముందు మగవాళ్లని హాల్లో కూర్చోబెట్టాలి. మిగతా రక్షణ దానంతటదే జరుగుతుంది."

వరండాలో ఆడవాళ్లు ఘొల్లున నవ్వారు. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది మాత్రం రామకోటేశ్వరరావే. పక్కనున్న జయకృష్ణని మోచేత్తో పొడిచి, ఆయనకేదో తెలియనట్టు చెప్పాడు.

"మా ఆవిడేనండీ."