పదకొండేళ్ళకు వచ్చిన రెండో తీగ

మనిషి ఒళ్ళు ఎలాగూ పాడవుతుంది. పాడయ్యేదేదో గడువులోగా పాడవ్వాలన్నది ఆస్పత్రులన్నిటికీ మూలసూత్రం. అది తెలియక నానా తిప్పలు పడ్డవాడు మన ఎలక్ట్రీషియన్.

పదకొండేళ్ళ కిందట నిచ్చెన జారి, కిటికీ అంచు తగిలి, ఆయన కుడి కంటిగూడు విరిగింది. పెద్దాస్పత్రిలో లోపల చిన్న ప్లేటు పెట్టి సరిచేశారు. ఇన్నాళ్ళూ బాగానే ఉంది. ఈమధ్యే కళ్ళెత్తి పైకి చూస్తే ఒక్కొక్కటీ రెండేసి కనబడటం మొదలైంది. రెండు ఫ్యాన్లు, రెండు కొక్కేలు, రెండు తీగలు. (కరెంటు మాత్రం ఒకదాంట్లోనే ఉంటుంది. ఏదన్నది ముట్టుకుంటే గానీ తెలియదు.) భయపడి, నేలకు జానెడెత్తులో ఉండే ప్లగ్గుల పనులే ఒప్పుకుంటూ వచ్చాడు. అవి ఊరు మొత్తానికి ఎన్నుంటాయి?

సంగతి బయటపడగానే భార్య, "తీగల్ని ప్రాణంతో పరీక్షిస్తున్నారా?" అని చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి లాక్కెళ్ళింది.

గుమ్మంలో టోకెన్ల యంత్రం ఆయన మొహం చూసి, "దయచేసి రెండు కళ్ళూ ఒకే వరసలో ఉంచండి" అంది. కుడికన్ను కాస్త లోపలికి కుంగింది మరి.

"అది చేతనైతే నీ దగ్గరికెందుకొస్తామే!" అంది భార్య. యంత్రం ఒక టోకెను బయటికి తోసింది. (బదులు చెప్పే అధికారం దానికింకా ఇవ్వలేదు.)

ఆలస్య సమస్యల విభాగంలో (ఆపరేషనయ్యాక ఆలస్యంగా తలెత్తేవి అక్కడ చూస్తారు) గుమస్తా కాగితాలు ఓపిగ్గా చదివాడు. "ఆలస్యం అంటే ఆరు నెలల్లోపండీ. పదకొండేళ్ళని ఆలస్యం అనరు, చరిత్ర అంటారు. రికార్డు గదికెళ్ళండి."

రికార్డు గది ముసలాయన పాత ఫైలు దుమ్ము దులిపాడు. "పూర్తిగా నయమైందని సంతకం ఉంది బాబూ. నయమైన కంటికి రెండు కనబడ్డాయంటే, అక్కడ రెండు ఉన్నట్టే లెక్క."

"ఆ సంతకం పెట్టిన డాక్టరు గారేరీ?" అంది భార్య.

"రిటైరయ్యారు. సంతకం మాత్రం సర్వీసులోనే ఉంది."

ఇలా నాలుగు రోజులు చరిత్రకీ ఆలస్యానికీ మధ్య తిరిగారు. ఐదో రోజు హాల్లో ట్యూబులైటు మిణుకుమిణుకుమంటోంది. గుమస్తా నిచ్చెన చూపించి, "మీది ఇదే పనిగా, కాస్త చూద్దురూ" అన్నాడు. మొహమాటం చెడ్డది. ఎలక్ట్రీషియన్ ఎక్కాడు. భార్య కళ్ళు గట్టిగా మూసుకుంది.

పైన రెండు ట్యూబులైట్లు. ఆయన గడ్డం ఎత్తి, తలంతా వెనక్కి వాల్చి, రెంటినీ ఒకటి చేసే ప్రయత్నంలో ఉండగా, అటుగా పోతున్న డాక్టరమ్మ ఆగింది.

"తల అలా వాల్చారేం?"

"ఇలాగైతే ఒకటే కనబడుతుందమ్మా."

"ముందు దిగండి!" ఆవిడ ఆయన్ని నిచ్చెన మెట్టు మీదే కూర్చోబెట్టి, వేలు పైకీ కిందకీ ఆడించి చూసింది. "లోపల ప్లేటు జారినట్టుంది. స్కాను తీద్దాం. మళ్ళీ ఆపరేషన్ అవసరం పడొచ్చు."

భార్య కళ్ళు తెరిచి అక్కడే ఏడ్చేసింది. ఐదు రోజుల్లో ఆయన కంట్లోకి చూసిన మొదటి మనిషి ఆ డాక్టరమ్మే.

స్కాను ఆవిడ మాటే నిజం చేసింది. ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడు మరీ నడినెత్తి మీదకు చూస్తే తప్ప ఆయనకు ఏదైనా ఒకటే. ఇంటికి పంపే రోజున భార్య కాగితాలు చదివి గుమస్తాని నిలదీసింది. "ఇదేంటండీ, తాజా గాయం అని రాశారు?"

"చరిత్రకి మంచం ఇవ్వరమ్మా. తాజా గాయానికైతేనే ఇస్తారు. మీకోసమే అలా రాశాను," అన్నాడు గుమస్తా ఎంతో దయగా.

ఆవిడ కింది గడి చదివింది.

గాయానికి కారణం: ఆస్పత్రికి రావడం.