నొక్కిన ప్రతిసారీ ఐదు నిమిషాలు

ఆ శుక్రవారం పొద్దున ఓస్కు వేసుకున్న పథకం చిన్నదే. కాఫీ మిషన్‌కి తాను రాసిన ప్రోగ్రాం తొమ్మిదింటికల్లా పనిచేసి చూపించాలి. పదింటికి మేనేజర్ మర్యుత్ గదిలోకి వెళ్లి, ఆరు నెలల ప్రొబేషన్ ముగిసింది, ఉద్యోగం ఖాయం అన్న మాట విని రావాలి. ఫిన్లాండు ఉత్తరాన ఉన్న ఔలు ఊరికి నవంబరు వచ్చేసింది. బయట ఇంకా తెల్లవారలేదు గాని, ఆఫీసు వంటగదిలో దీపం వెచ్చగా ఉంది.

పని అప్పజెప్పింది మర్యుతే. ఒక్కరు మీట నొక్కగానే మిషన్ జగ్గు నిండా కాఫీ కాచేది. సగం చల్లారి తొట్టి పాలయ్యేది. నొక్కాక కాస్త ఆగి, అందరికీ కలిపి ఒకేసారి కాస్తే బాగుంటుందని ఆమె కోరిక.

"ఆపడానికి మూడు దారులున్నాయి," అన్నాడు ఓస్కు, పక్క బల్ల దగ్గర కూర్చునే రెయ్యోతో. రెయ్యో వచ్చే వసంతంలో రిటైరవుతాడు. "ప్రోగ్రాంనే ఐదు నిమిషాలు నిద్రపుచ్చొచ్చు. అప్పుడు టీకి వేడినీళ్లు కూడా రావు. లేదంటే, ఒక్కో నొక్కుడికీ విడిగా ఒక గడియారం పెట్టొచ్చు. మూడోది, ఎవరు కొత్తగా నొక్కినా పాత లెక్క కొట్టేసి మళ్లీ మొదటినుంచి ఐదు నిమిషాలు. అందరూ నొక్కడం ఆపాక ఒక్కసారే కాస్తుంది. నేనదే పెట్టా."

"ఆపకపోతే?"

"ఎందుకాపరు?"

"నువ్వీ ఆఫీసుకి కొత్త, అబ్బాయ్," అన్నాడు రెయ్యో.

ఎనిమిదిన్నరకి మొదటి మనిషి మీట నొక్కాడు. కాఫీ రాలేదు. అతను ఎవర్నీ అడగలేదు. కాఫీ తాగకముందు ఒకరినొకరు పలకరించుకునే అలవాటు అక్కడ లేదు. కాసేపు నిలబడి, మళ్లీ నొక్కి వెళ్లాడు. తరవాత వచ్చినామె కూడా అంతే. తొమ్మిదింబావు దాకా మనుషులు వస్తూనే ఉన్నారు, ఐదో నిమిషం మాత్రం రాలేదు. 'ఐదు నిమిషాలు నొక్కకండి' అని ఓస్కు కాగితం అంటించాడు. చదివిన ప్రతివారూ నిజమో కాదో చూద్దామని ఒక్కసారి నొక్కారు.

"నోటితో చెప్పరాదూ?" అన్నాడు రెయ్యో.

"నలభై మందికా? నేనా?"

నోరు విప్పడం కంటే ప్రోగ్రాం మార్చడమే తేలికనిపించింది. ఎవరికీ చెప్పకుండా రెండో దారికి మార్చాడు. తరవాతి ఐదు నిమిషాల్లో మీటని ముప్పై ఒక్కసార్లు నొక్కారు. ఆపైన మిషన్ ఒక్కో నొక్కుడికీ ఒక్కో జగ్గు చొప్పున కాయడం మొదలుపెట్టింది. జగ్గు నిండింది, దాని బదులు పెట్టిన ఖాళీ పూలకుండీ నిండింది. లెక్కలన్నీ మిషన్ కడుపులోనే ఉన్నాయి కనక ఓస్కు కంప్యూటర్ కట్టేసినా లాభం లేకపోయింది. ప్లగ్గేమో అల్మారా వెనక. రెయ్యో తొందరపడకుండా పై అంతస్తుకి వెళ్లి, ఆఫీసు సౌనాలో, అంటే ఆవిరిస్నానాల గదిలో, ఉండే చెక్క బకెట్టూ గరిటే పట్టుకొచ్చాడు. నేల తడవకుండా దక్కింది.

మర్యుత్ తన గదిలోంచి మళ్లీ వచ్చేసరికి ఇరవైమంది కప్పులు పట్టుకుని బకెట్టు చుట్టూ నిలబడి ఉన్నారు. రెయ్యో గరిటెతో వడ్డిస్తున్నాడు. అందరూ మాట్లాడుకుంటున్నారు.

"ఏమిటిది, ఓస్కూ?"

ఉద్యోగం ఎలాగూ పోయిందనుకున్న ఓస్కు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "ముప్పై ఒక్క నొక్కుళ్లండీ. అందులో ఎవరో ఒక్కరే ఆగకుండా పన్నెండుసార్లు నొక్కారు."

మర్యుత్ బకెట్టుకేసి చూసింది.

"పదమూడు," అంది. "పాడైందనుకున్నా. ఎవర్నైనా అడగడానికి మొహమాటమేసింది."

రెయ్యో ఆమె కప్పు నింపాడు.

"మరి పదింటికి..." అన్నాడు ఓస్కు.

"రానక్కర్లేదు. ఖాయమే. కానీ సోమవారానికి ఆ మూడో దారే మళ్లీ పెట్టు."

"దాంతో కాఫీ రాదండీ. నొక్కొద్దని ఎవరో ఒకరు పైకి చెప్పాలి."

"అందుకే పెట్టమంటున్నా," అంది మర్యుత్. "తొమ్మిదేళ్లలో ఈ వంటగదిలో మాటలు వినడం ఇదే మొదటిసారి."

సోమవారం రెయ్యో ఇంటినుంచి ఫ్లాస్కు తెచ్చుకున్నాడు.